వీఎస్ కోడ్‌లో సొంత ఫార్మాట్‌కి రంగులు: స్క్రిప్ట్‌తో వేస్తే కామెంట్లలో కూడా కీవర్డ్ రంగు పడుతోంది

నల్లతెర:

మా ప్రాజెక్టులో రూల్స్ రాసుకోడానికి ఒక సొంత ఫార్మాట్ ఉంది. పెద్ద భాషేం కాదు. ఇఫ్, ఎల్స్, స్టాప్ లాంటి కొన్ని కీవర్డ్‌లు, హ్యాష్‌తో మొదలయ్యే కామెంట్లు, మూడేసి డబుల్ కోట్ల మధ్య ఎస్‌క్యూఎల్ క్వెరీలు, అంతే. వీఎస్ కోడ్‌లో తెరిస్తే మొత్తం ఒకే రంగులో ఉంటుంది కాబట్టి నేనే ఓ ఎక్స్‌టెన్షన్ మొదలుపెట్టా. జావాస్క్రిప్ట్‌లో చిన్న స్క్రిప్ట్, ఫైల్‌లో ఏది మారినా మొత్తం టెక్స్ట్ తీసుకుని రెజెక్స్‌తో (టెక్స్ట్ వెతికే ప్యాటర్న్) కీవర్డ్‌లు వెతికి టెక్స్ట్ మీద గుర్తులు గీసే డెకరేషన్ ఏపీఐతో రంగు వేస్తుంది.

చిన్న ఫైళ్లలో బాగానే నడుస్తోంది. పెద్ద ఫైల్ తెరిచి టైప్ చేస్తుంటే మాత్రం రంగులు ఒక క్షణం ఆలస్యంగా వస్తున్నాయి, ఒక్కోసారి పాత చోటే ఉండిపోయి తర్వాత జరుగుతున్నాయి. కామెంట్‌లో ఇఫ్ అని రాసినా కీవర్డ్ రంగు పడుతోంది, కోట్ల మధ్య ఉన్నా పడుతోంది. వాటిని తప్పించడానికి రెజెక్స్‌లో షరతులు పెట్టుకుంటూ పోతే చివరికి అది నాకే అర్థం కాకుండా తయారైంది. లైట్ థీమ్‌కి మారితే నేను పెట్టిన పసుపు అసలు కనబడదు.

ఇంకొకటి, మేం కామెంట్లలో "గమనిక:" అని తెలుగులో రాసుకుంటాం, టుడూ ట్యాగ్ లాగా. దాన్ని వేరే రంగులో చూపించాలని గమనిక ముందూ వెనకా పదం సరిహద్దు గుర్తు బ్యాక్‌స్లాష్ బి పెట్టి వెతికితే ఒక్కటంటే ఒక్కటి కూడా దొరకట్లేదు. అదే ఇంగ్లిష్ పదం పెడితే దొరుకుతోంది. ఎక్కడ పట్టుకోవాలో చెప్పండి. ఫోన్‌లోంచి రాస్తున్నా, కోడ్ పెట్టలేను.

కోలన్_కోటయ్య:

కోడ్ చూడకపోయినా ఇది ఎక్కడ తేడా కొట్టిందో తెలుస్తూనే ఉందండి. డెకరేషన్లు ఈ పనికి కావు. తాత్కాలికంగా ఏదైనా గుర్తు పెట్టడానికి అవి బాగుంటాయి, టెస్ట్‌లు ఏ లైన్లను తాకాయో చూపించడమో, రంగు కోడ్ పక్కన చిన్న రంగు డబ్బా పెట్టడమో. భాష మొత్తానికి వాటితో రంగులు వేయాలంటే ఎడిటర్ ఆల్రెడీ చేస్తున్న పనిని మీరు మళ్లీ స్క్రిప్ట్‌లో నెమ్మదిగా చేస్తున్నట్టే.

మీకు కావాల్సింది టెక్స్ట్‌మేట్ గ్రామర్, అంటే ఏది కీవర్డో, ఏది కామెంటో ఎడిటర్‌కి చెప్పే రూల్స్ ఫైల్. టెక్స్ట్‌మేట్ 2004లో మ్యాక్‌కి వచ్చిన ఎడిటర్, దాని గ్రామర్ పద్ధతినే వీఎస్ కోడ్ వాడుతుంది. ఒక జేసన్ ఫైల్ రాస్తారు, ప్యాకేజ్ జేసన్‌లో కాంట్రిబ్యూట్స్ కింద లాంగ్వేజెస్‌లో మీ ఫైల్ ఎక్స్‌టెన్షన్, గ్రామర్స్‌లో ఈ జేసన్ దారి, స్కోప్ పేరు ఇస్తారు. ఇంతవరకు ఒక్క లైన్ జావాస్క్రిప్ట్ కూడా అక్కర్లేదు.

ఇప్పుడు మీ కామెంట్ గొడవ. గ్రామర్‌లో రెండు రకాల రూల్స్ ముఖ్యం. మ్యాచ్ అంటే ఒకే లైన్లో దొరికే ముక్క. బిగిన్, ఎండ్ జంట అంటే ఒకచోట తెరుచుకుని ఇంకోచోట మూసుకునే ప్రాంతం. ఎడిటర్ లైన్‌ని ఎడమ నుంచి చదువుతూ పోతుంది, అన్ని రూల్స్‌లో ఏది ముందు దొరికితే అది గెలుస్తుంది, ఒకే చోట రెండు దొరికితే జాబితాలో పైన ఉన్నది గెలుస్తుంది. హ్యాష్ దగ్గర కామెంట్ రూల్ గెలిచిందంటే లైన్ చివరి దాకా ఉన్న టెక్స్ట్‌ని అదే మింగేస్తుంది, లోపల ఇఫ్ ఉన్నా కీవర్డ్ రూల్‌కి ఆ అవకాశమే రాదు. కోట్ల మధ్య కూడా అంతే, తెరుచుకున్న ప్రాంతంలో దాని సొంత ప్యాటర్న్‌లు, దాని ఎండ్ తప్ప వేరేవి చూడదు. మీరు రెజెక్స్‌లో పెట్టుకున్న షరతులన్నీ తీసి పారేయొచ్చు.

స్పీడ్ సంగతి కూడా ఇక్కడే తేలిపోతుంది. ప్రతి లైన్ చివర ఏ ప్రాంతం లోపల ఉన్నామో ఎడిటర్ గుర్తుపెట్టుకుంటుంది. మీరు ఒక లైన్ మారిస్తే అక్కడి నుంచి కిందికి చూసుకుంటూ వెళ్లి, ఒక లైన్ చివరి స్థితి పాత స్థితితో సరిపోగానే ఆగిపోతుంది. మొత్తం ఫైల్ మళ్లీ చదవడం ఉండదు. దీనికో ఇబ్బంది కూడా ఉంది, ఒక రెజెక్స్ ఒక లైన్ దాటి చూడలేదు. రెండు లైన్ల మీద పరుచుకున్నదాన్ని మ్యాచ్‌తో పట్టుకోవాలని చూడకండి, బిగిన్, ఎండ్ వాడాలి.

రంగుల పేర్లు మాత్రం మీరు పెట్టొద్దు, స్కోప్ పేర్లు పెట్టండి, అంటే ఆ ముక్క ఏ రకమో చెప్పే పేర్లు. కీవర్డ్ చుక్క కంట్రోల్ చుక్క మీ భాష పేరు. కామెంట్‌కి కామెంట్ చుక్క లైన్ చుక్క నంబర్ హైఫన్ సైన్, ఆ తర్వాత మళ్లీ మీ భాష పేరు. థీమ్‌లు ఈ పేర్ల మొదటి భాగాలు చూసే రంగు ఇస్తాయి. లైట్ థీమ్‌లో పసుపు కనబడకపోవడం అప్పుడు థీమ్ రాసినవాళ్ల సమస్య, మీది కాదు. సొంత పేర్లు కనిపెట్టి "రూల్ చుక్క ఇఫ్" అని పెట్టారనుకోండి, ఏ థీమ్‌కీ అది తెలియదు, మళ్లీ తెల్లగానే ఉంటుంది.

చుక్క_విరామం:

పైన చెప్పినదంతా కరెక్టే. ఎస్‌క్యూఎల్ దగ్గర ఒక గుంట ఉంది, అది చెప్దామని వచ్చా.

మూడు కోట్ల ప్రాంతం లోపల ఎస్‌క్యూఎల్ గ్రామర్, అంటే సోర్స్ చుక్క ఎస్‌క్యూఎల్‌ని ఇంక్లూడ్ చేస్తే రంగులు వచ్చేస్తాయి, చూడగానే భలే అనిపిస్తుంది. ఆ తర్వాత ఎవరో క్వెరీ సగం రాసి ఒక సింగిల్ కోట్ తెరిచి మూయకుండా వదిలేస్తారు. ఎస్‌క్యూఎల్ గ్రామర్ దాన్ని స్ట్రింగ్ మొదలుగా తీసుకుంటుంది, ఆ స్ట్రింగ్ లోపల ఉన్నంతసేపు మీ మూడు కోట్ల ఎండ్‌ని ఎవరూ చూడరు, కాబట్టి ఫైల్ చివరిదాకా అంతా స్ట్రింగ్ రంగే. రాస్తున్నప్పుడు సగం రాసిన క్వెరీ అనేది మామూలు స్థితి కదా, ఇది రోజూ జరుగుతుంది.

దీనికి బిగిన్, వైల్ అనే ఇంకో జంట ఉంది. వైల్ ప్రతి కొత్త లైన్ మొదట్లో చెక్ అవుతుంది, ఫెయిల్ అయితే లోపల ఎన్ని ప్రాంతాలు తెరిచి ఉన్నా అన్నిటినీ మూసేసి బయటికి వచ్చేస్తుంది. వీఎస్ కోడ్‌లోని మార్క్‌డౌన్ గ్రామర్ కోడ్ బ్లాకులకి ఇదే చేస్తుంది, బయట బిగిన్ ఎండ్, లోపల బిగిన్ వైల్. వైల్‌లో "ఈ లైన్ మొదట్లో మూసే గుర్తు లేకపోతేనే" అని నెగటివ్ లుక్‌అహెడ్ పెడతారు. మీరూ అలాగే, లైన్ మొదట్లో ఖాళీలు, వాటి తర్వాత మూడు కోట్లు లేకపోతేనే లోపల ఉండు అని రాయండి. షరతు ఏమిటంటే మూసే కోట్లు వేరే లైన్లో ఉండాలి. క్వెరీ మొత్తం ఒకే లైన్లో ముగిసిపోయే సందర్భానికి ఇంకో చిన్న రూల్ రాసి దాన్ని పైన పెట్టుకోండి.

ఆ ప్రాంతానికి మెటా చుక్క ఎంబెడెడ్ అని మొదలయ్యే కంటెంట్‌నేమ్ ఇచ్చి, ప్యాకేజ్ జేసన్‌లో ఎంబెడెడ్ లాంగ్వేజెస్ కింద ఆ స్కోప్‌ని ఎస్‌క్యూఎల్‌కి కలపండి. లేకపోతే క్వెరీ లోపల కామెంట్ షార్ట్‌కట్ నొక్కితే రెండు హైఫన్లకి బదులు హ్యాష్ పడుతుంది.

ఒత్తు_కొమ్ము:

గమనిక సంగతి నేను చెప్తా, తెలుగు టెక్స్ట్‌తో పని చేసేవాళ్లు చాలామంది ఇక్కడ బోల్తా పడతారు.

జావాస్క్రిప్ట్‌లో బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ అంటే ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ మాత్రమే. యూ ఫ్లాగ్ పెట్టినా మారదు. బ్యాక్‌స్లాష్ బి అంటే ఒక పక్క అలాంటి అక్షరం, ఇంకో పక్క అలాంటిది కానిది ఉన్న చోటు. తెలుగు అక్షరాలు దాని లెక్కలో అక్షరాలే కావు. గమనికకి అటు ఖాళీ, ఇటు కోలన్, మధ్యలో ఉన్నదీ అక్షరం కాదు, మరి సరిహద్దు ఎక్కడినుంచి వస్తుంది? అందుకే ఒక్కటీ దొరకలేదు.

స్క్రిప్ట్‌లోనే చేయాలంటే 2018 జావాస్క్రిప్ట్ ప్రమాణంలో వచ్చిన రెండు వాడాలి, లుక్‌బిహైండ్ (వెనక ఏముందో చూడడం), యూనికోడ్ ప్రాపర్టీలు (అక్షరం ఏ రకమో చూడడం). "వెనక లెటర్ గానీ మార్క్ గానీ లేని, తర్వాత కూడా లెటర్ గానీ మార్క్ గానీ లేని గమనిక" అని రాయాలి. మార్క్ ఎందుకంటే, తెలుగు గుణింతం గుర్తులు యూనికోడ్‌లో లెటర్లు కావు, మార్కులు. లెటర్ ఒక్కటే చెక్ చేశారనుకోండి, "గమనికలు" తప్పిపోతుంది, బాగానే ఉంది, కానీ "గమనికే" దొరికేస్తుంది, ఎందుకంటే క తర్వాత ఉన్నది ఏత్వం గుర్తు. రంగు క దాకా వేసి ఏత్వాన్ని వదిలేయాలన్నమాట. తెర మీద క, ఏత్వం కలిపి ఒకే ఆకారం కాబట్టి అది గీసే తీరు చూస్తే కళ్లు తిరుగుతాయి.

గ్రామర్‌లో రాస్తే ఈ బాధ లేదు. అక్కడ రెజెక్స్‌లని నడిపేది జావాస్క్రిప్ట్ ఇంజిన్ కాదు, ఓనిగురుమా అనే వేరే లైబ్రరీ. దానికి తెలుగు అక్షరాలు, గుణింతాలు రెండూ పదంలో భాగమే, బ్యాక్‌స్లాష్ బి సరిగ్గా పనిచేస్తుంది. ఒకే ఎక్స్‌టెన్షన్‌లో ఒకే రెజెక్స్ రెండు చోట్ల రెండు రకాలుగా ప్రవర్తించడానికి కారణం ఇదే.

ఆ ట్యాగ్ మీ ఫార్మాట్‌లోనే కాకుండా పైథాన్, జావాస్క్రిప్ట్ ఫైళ్లలో కూడా కావాలంటే వేరే భాషల గ్రామర్‌లోకి దూరే ఇంజెక్షన్ గ్రామర్ రాయండి. ఇంజెక్షన్‌సెలెక్టర్‌లో "ఎల్ కోలన్ కామెంట్" అని పెడితే, కామెంట్ లోపల ఉన్నప్పుడు మీ రూల్ అసలు గ్రామర్ రూల్స్ కంటే ముందు చెక్ అవుతుంది. ఇంజెక్ట్‌టు జాబితాలో ఏయే భాషల్లోకి దూరాలో వాటి స్కోప్ పేర్లు ఇవ్వాలి, మీ సొంత ఫార్మాట్ స్కోప్ కూడా అందులో రాయడం మర్చిపోకండి.

ఇంకొకటి గుర్తుంచుకోండి. కొన్ని కీబోర్డ్‌లు తెలుగు పదాల మధ్యలో కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ పెడతాయి. గమనికలో రాదు గానీ, పొల్లుతో ఉన్న ట్యాగ్ ఏదైనా ఎంచుకుంటే కంటికి ఒకేలా ఉండే రెండు పదాల్లో ఒకదానికే రంగు పడుతుంది. అలాంటి చోట ఆ గుర్తు ఉన్నా లేకపోయినా పర్లేదని ప్యాటర్న్‌లోనే రాసుకోవాలి.

విమ్‌వీరుడు:

ఇంత తతంగం చూస్తుంటే జాలేస్తోంది బ్రో. విమ్ ఎడిటర్‌లో అయితే ఆఫ్టర్ ఫోల్డర్ కింద సింటాక్స్ ఫోల్డర్‌లో భాష పేరుతో ఒక ఫైల్, దాంట్లో ఓ సింటాక్స్ మ్యాచ్ లైన్, కంటెయిన్డ్‌ఇన్ అని ఆ భాష కామెంట్ గ్రూప్ పేరు, కింద హైలైట్ లింక్ టుడూ. రెండు లైన్లు, అయిపోయింది. విమ్‌లో సింటాక్స్ హైలైటింగ్ 1998లో 5.0 నుంచి ఉంది, అప్పటినుంచి పద్ధతి పెద్దగా మారలేదు. ఒక్కటే గుర్తుపెట్టుకోవాలి, సింటాక్స్ కీవర్డ్‌తో చెప్పింది మ్యాచ్, రీజియన్ రెండిటి మీదా గెలుస్తుంది, మిగతా వాటిలో ఆఖరున రాసింది గెలుస్తుంది, అంటే వీఎస్ కోడ్‌కి తిరగేసి.

ఈమాక్స్ ఎడిటర్ వాళ్లు ఫాంట్ లాక్ యాడ్ కీవర్డ్స్ వాడతారు. కామెంట్ లోపల రంగు పడాలంటే ఓవర్‌రైడ్ దగ్గర ప్రీపెండ్ గానీ టీ గానీ ఇవ్వాలి, ఇవ్వకపోతే ముందే వేసిన కామెంట్ రంగుని అది ముట్టుకోదు.

అయినా ట్రీ-సిట్టర్ అనే పార్సింగ్ టూల్ ఉండగా ఇంకా ఈ రెజెక్స్‌లు ఎందుకో నాకు అర్థం కాదు. నియోవిమ్‌లో 0.5 నుంచి ఉంది, ఈమాక్స్ 29లో కూడా లోపలే వచ్చేసింది.

కోలన్_కోటయ్య:

ట్రీ-సిట్టర్ మంచిదే, కాదనను. సగం రాసిన కోడ్‌ని కూడా చెట్టులా పార్స్ చేసి, మార్చిన భాగాన్ని మాత్రమే మళ్లీ చూస్తుంది. కానీ దానికి ముందు మీ భాషకి పార్సర్ ఉండాలి. గ్రామర్ జావాస్క్రిప్ట్‌లో రాసి, దాన్నుంచి సీ కోడ్ జనరేట్ చేసి, కంపైల్ చేసి, ఆ పైన హైలైట్స్ క్వెరీ ఫైల్ రాయాలి. పదిమంది వాడే రూల్స్ ఫార్మాట్‌కి అదంతా పెట్టుకోమని నేను చెప్పను. పైగా అడిగింది వీఎస్ కోడ్ గురించి, ఎడిటర్ మార్చమంటే అది జవాబు కాదు.

నల్లతెర:

అందరికీ థ్యాంక్స్. గ్రామర్ రాశా, కామెంట్ గొడవ, ఆలస్యం రెండూ పోయాయి, వైల్ పెట్టాక ఎస్‌క్యూఎల్ కూడా పొంగి బయటికి రావట్లేదు. స్క్రిప్ట్ మొత్తం డిలీట్ చేసేశా.

ఇప్పుడు ఇంకో ఆశ పుట్టింది. రూల్ లోపల వాడిన పేరు ఫైల్‌లో ఎక్కడైనా డిఫైన్ చేసి ఉంటే ఒక రంగు, లేకపోతే ఇంకో రంగు. ఇది గ్రామర్‌తో అవుతుందా? మా దగ్గర ఫైల్‌ని చెక్ చేసే టూల్ ఒకటి రస్ట్ భాషలో ఉంది, పేర్ల లిస్ట్ దానికి తెలుసు.

చుక్క_విరామం:

గ్రామర్‌తో అవ్వదు. దానికి ఆకారం తెలుసు, అర్థం తెలియదు. ఇక్కడ మాత్రం స్క్రిప్ట్ నిజంగానే కావాలి, కాబట్టి డిలీట్ చేసిన ఫోల్డర్‌ని మళ్లీ తెరవండి.

వాడాల్సింది సెమాంటిక్ టోకెన్స్ ప్రొవైడర్, అంటే ఏ పేరు ఏ రకమో స్క్రిప్ట్ నుంచి ఎడిటర్‌కి చెప్పే ఏపీఐ. ముందు లెజెండ్ ఇస్తారు, అంటే మీరు వాడే టోకెన్ రకాల జాబితా. తర్వాత ఒక్కో టోకెన్‌కి ఐదు సంఖ్యలు: ముందు టోకెన్ నుంచి ఎన్ని లైన్లు కింద, ఎంత కుడికి, పొడవు, రకం, మాడిఫయర్లు. అన్నీ ముందు దానితో తేడాలే. ఒక టోకెన్ 6వ కాలమ్‌లో మొదలై, తర్వాతది అదే లైన్లో 14వ కాలమ్‌లో ఉంటే రెండోదానికి లైన్ తేడా 0, కాలమ్ తేడా 8. లైన్ మారితే కాలమ్ మళ్లీ మొదటినుంచి లెక్క. ఇవి చేత్తో లెక్కపెట్టకండి, సెమాంటిక్ టోకెన్స్ బిల్డర్ అని ఉంది, దానికి లైన్, కాలమ్ ఇస్తే తేడాలు అదే వేసుకుంటుంది. ఇచ్చిన రంగులు గ్రామర్ రంగుల పైన పడతాయి, కాబట్టి పేర్లకి మాత్రమే ఇవ్వండి, కీవర్డ్‌లు, కామెంట్లు గ్రామర్‌కే వదిలేయండి.

మీ రకాల పేర్లు కొత్తవైతే సెమాంటిక్ టోకెన్ స్కోప్స్ కింద వాటిని తెలిసిన స్కోప్‌లకి కలపండి, లేకపోతే ముందు చెప్పిన కథే, థీమ్‌కి ఆ పేరు తెలియదు.

రస్ట్ అన్నారు కాబట్టి ఇంకో మాట. రస్ట్‌లో స్ట్రింగ్ పొజిషన్లు యూటీఎఫ్-8 బైట్లలో వస్తాయి, వీఎస్ కోడ్ యూటీఎఫ్-16 యూనిట్లలో లెక్కపెడుతుంది. గమనిక అనే పదంలో కోడ్ పాయింట్లు 5, గ, మ, న, ఇత్వం, క. వీఎస్ కోడ్‌కి అది 5 యూనిట్లు, రస్ట్‌కి 15 బైట్లు. లైన్లో ఆ పదం ఉన్న స్ట్రింగ్ తర్వాత మీ వేరియబుల్ ఉంటే దాని రంగు 10 కాలమ్‌లు కుడికి జరిగిపోతుంది. ఇంగ్లిష్ మాత్రమే ఉన్న టెస్ట్ ఫైళ్లలో ఇది ఎప్పటికీ బయటపడదు. టూల్ నుంచి పొజిషన్ పంపేముందే మార్చి పంపండి.

నల్లతెర:

పొజిషన్లు మార్చి పంపా, సరిగ్గా పడుతున్నాయి. కానీ ఒక థీమ్‌లోనే రంగు వస్తోంది, నేను రోజూ వాడే థీమ్‌లో ఏ తేడా లేదు. ఇన్‌స్పెక్ట్ ఎడిటర్ టోకెన్స్ అండ్ స్కోప్స్ అనే కమాండ్ పెట్టి చూస్తే ఆ పేరు మీద గ్రామర్ స్కోప్ మాత్రమే చూపిస్తోంది, సెమాంటిక్ టోకెన్ అనే భాగమే లేదు.

కోలన్_కోటయ్య:

మీ థీమ్ సెమాంటిక్ హైలైటింగ్‌ని ఆన్ చేసి ఉండదు. ఆ సెట్టింగ్ మామూలుగా "థీమ్ చెప్పినట్టు" అని ఉంటుంది, థీమ్ ఏమీ చెప్పకపోతే ఆఫ్. సెట్టింగ్స్‌లో ఎడిటర్ చుక్క సెమాంటిక్ హైలైటింగ్ చుక్క ఎనేబుల్డ్‌ని ట్రూ చేసి చూడండి. టీమ్‌లో అందరికీ కావాలంటే వర్క్‌స్పేస్ సెట్టింగ్స్‌లో, మీ భాష పేరు కింద మాత్రమే పెట్టండి, లేకపోతే వాళ్ల మిగతా భాషల రంగులు కూడా మారిపోయి మిమ్మల్ని తిడతారు.

ఆ ఇన్‌స్పెక్ట్ పెట్టె కింద "నో థీమ్ సెలెక్టర్" అని కనిపిస్తే మాత్రం అర్థం వేరు, స్కోప్ సరిగ్గానే వచ్చింది గానీ దానికి థీమ్‌లో రంగు లేదు. అప్పుడు టోకెన్ కలర్ కస్టమైజేషన్స్ కింద టెక్స్ట్‌మేట్ రూల్స్‌లో ఆ ఒక్క స్కోప్‌కి రంగు ఇచ్చుకోండి, గ్రామర్‌ని ముట్టుకోవద్దు.

నల్లతెర:

వచ్చిందండీ, భాష పేరు కింద ట్రూ పెట్టగానే. డిఫైన్ చేయని పేర్లు మూడు ఇప్పటికే బయటపడ్డాయి, అందులో ఒకటి నిజంగానే స్పెల్లింగ్ తప్పు.